“ఇది హలాలా?” అని అడిగితే జవాబు రాదు

మన దేశంలో పెరిగిన వాళ్ళకి ఒక అలవాటు తెలియకుండానే వచ్చేస్తుంది. బిస్కెట్ ప్యాకెట్ చేతిలోకి రాగానే కళ్ళు మూలనున్న చుక్క మీదికి పోతాయి. పచ్చ చుక్కయితే శాకాహారం, గోధుమరంగు గుర్తయితే మాంసాహారం. ఇది శాకాహారుల కోసం పెట్టిన గుర్తే గానీ, మాలాంటి ముస్లిం ఇళ్ళలో కూడా ఆ పచ్చ చుక్కంటే పెద్ద ధైర్యం. అది ఉందంటే జెలటిన్ లేదు, జంతువుల కొవ్వు లేదు. అమ్మీ ఇంకేం చదవకుండా బుట్టలో వేసేస్తుంది. విమానం దిగగానే ఆ చుక్క మాయమైపోతుంది. అప్పుడు తెలుస్తుంది, ఇన్నాళ్ళూ మన బదులు ఎవరో చదివి పెట్టారని.

మాది నంద్యాల. పోయిన వేసవిలో పది వారాలు టోక్యో దగ్గర ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్ చేశాను. నాతో పాటు మన కాలేజీ మెకానికల్ బ్రాంచి మిత్రుడొకడు వచ్చాడు. తెనాలి వాడు, శుద్ధ శాకాహారి, గుడ్డు కూడా ముట్టడు. ఇద్దరం ఒకే గదిలో ఉండి, ఒకే చిన్న వంటగదిలో వండుకున్నాం. ఈసారి సంచికకి ప్రయాణాల మీద రాయమన్నప్పుడు చెర్రీ పూల గురించి రాద్దామనుకున్నాను గానీ, మేం వెళ్ళేసరికే పూలు రాలిపోయాయి. తిండి మాత్రం రోజుకి మూడుసార్లు ఎదురయ్యేది. కాబట్టి తిండి గురించే. ముఖ్యంగా వచ్చే ఏడాది వెళ్ళబోయే జూనియర్ల కోసం, పది వారాలూ అరటిపండూ బ్రెడ్డూ తిని బతకాల్సిన అవసరం లేదని చెప్పడానికి.

ప్రశ్నని విడగొట్టండి

జపాన్‌లో ముస్లింల సంఖ్య చాలా తక్కువ. చిన్న హోటల్‌లోకి వెళ్ళి “ఇది హలాలా?” అని అడిగితే, పాపం ఆ పెద్దాయనకి ఆ మాటే తెలియకపోవచ్చు. తెలిసినా, దాని లోపల ఎన్ని నియమాలున్నాయో తెలియదు. కొందరు ఎందుకొచ్చిన తంటా అని “లేదండీ” అనేస్తారు. కొందరు “పంది మాంసం లేదు కదా, సరే” అనుకుని అవునంటారు. రెండు జవాబుల వల్లా మనకి తెలిసేది సున్నా. నిజానికి అవతలి మనిషికి బాగా తెలిసిన సంగతి ఒకటుంది: ఆ గిన్నెలో తను ఏమేం వేశాడో. మనం అడగాల్సింది అదే.

హలాల్ అంటే అనుమతించినది అని అర్థం, అంతే. తిండి విషయంలో మూల సూత్రం చాలా ఉదారమైనది: కాదని చెప్పినవి తప్ప మిగతావన్నీ సరే. కాదన్నవి కొన్నే. పంది, దాని నుంచి వచ్చే ఏ పదార్థమైనా. రక్తం. తనంతట తాను చచ్చిన జంతువు. మత్తెక్కించేది. అల్లాహ్ పేరు కాక వేరే పేరు మీద కోసినది. ఇక తినదగిన జంతువైనా పద్ధతి ప్రకారం జిబహ్ చెయ్యాలి: ప్రాణంతో ఉండగా, అల్లాహ్ పేరు తలచి, పదునైన కత్తితో గొంతు కోసి, రక్తం పోనివ్వాలి. చేపకి ఈ జిబహ్ అక్కర్లేదు. అన్నం, పప్పు, కూరగాయలు, పండ్లు, గుడ్లు, పాలు మామూలుగానే హలాల్. దీన్ని ప్రోగ్రామింగ్ వాళ్ళ భాషలో బ్లాక్‌లిస్టు అనొచ్చు. కొత్తగా వెళ్ళినవాళ్ళు దాన్ని వైట్‌లిస్టుగా మార్చేసుకుంటారు. ముద్ర ఉంటేనే తింటామని కూర్చుంటే ఆ దేశపు వంటలో ముప్పావు వంతు అనవసరంగా పోతుంది.

మొదటి వారం మేమిద్దరం ఒక కాగితం మీద రెండు వృత్తాలు గీశాం. మన డిస్క్రీట్ మ్యాథ్స్ వెన్ చిత్రమే. ఒకటి నాది, ఒకటి వాడిది. జపాన్ వంటకి ప్రాణం లాంటిది దాషి అనే పులుసు నీళ్ళు. ఎండబెట్టి, పొగబెట్టిన బొనిటో చేప తురుముతోనూ, కొంబు అనే సముద్రపు నాచుతోనూ కాస్తారు. చేప దాషి నా వృత్తంలో ఉంది, వాడి దాంట్లో లేదు. మిరిన్ అనే తియ్యటి మద్యం బియ్యంతో చేసేదే కాబట్టి వాడి వృత్తంలో ఉంది, నా దాంట్లో లేదు. బౌద్ధ మఠాల శాకాహార భోజనం, షోజిన్ ర్యోరి, చూడగానే ఇద్దరికీ సరిపోతుందనిపిస్తుంది. కానీ అందులోనూ మిరిన్, సాకె వేసే చోట్లున్నాయి. ఇద్దరికీ నిస్సంకోచంగా కుదిరినవి: తోఫు, ఉప్పు మాత్రమే వేసిన అన్నం ముద్ద, కాల్చిన చిలగడదుంప, ఎర్ర చిక్కుడు ముద్దతో చేసే తీపి పదార్థాలు. ఆ కాగితం పది వారాలూ మా ఫ్రిజ్ తలుపు మీదే ఉంది.

కనపడని పంది

“పంది మాంసం తినను” అంటే మనకి ఒక అర్థం, వాళ్ళకి ఒక అర్థం. వాళ్ళకి అది ముక్కలకి సంబంధించిన మాట. పులుసు, కొవ్వు, జిగురు ఆ లెక్కలోకి రావు. మన దగ్గర కూడా “గుడ్డు తినను” అన్నవాళ్ళకి కేకు ముక్క చేతిలో పెట్టే చుట్టాలు లేరా? అలాగే.

రామెన్ సంగతి చూడండి. తొన్‌కొత్సు రామెన్ ఫుకువోకా వైపు ప్రసిద్ధి. “తొన్” అంటే పంది, “కొత్సు” అంటే ఎముక. ఎముకల్ని గంటల తరబడి పెద్ద మంట మీద మరిగిస్తే మూలుగ, కొవ్వు, కొల్లాజెన్ నీళ్ళలో కలిసిపోయి పాలలా తెల్లటి పులుసు తయారవుతుంది. పైన ముక్కలు తీసేయమన్నా గిన్నె నిండా ఉన్నది అదే. సోయా రామెన్, మిసో రామెన్ అని వేరే పేర్లున్నా అడుగున ఉండే పులుసు చాలా చోట్ల పంది, కోడి కలిపి కాచినదే. తొన్‌కత్సులోనూ (వేయించిన పంది ముక్క), తొన్‌జిరులోనూ (పంది ముక్కలతో మిసో పులుసు) ఉన్నది ఇదే “తొన్”. ఇదే అక్షరాన్ని విడిగా ఉన్నప్పుడు “బుటా” అని చదువుతారు. అంటే ఒక్క కంజీ గుర్తుపెట్టుకుంటే రెండు ఉచ్చారణలూ పట్టుబడతాయి. ఎడమవైపు రెండు మెట్ల చిన్న నిచ్చెన, కుడివైపు ఒక వెన్నెముక నుంచి ఎడమకి మూడు కాళ్ళు చాపినట్టు గీతలు. ఆ బొమ్మ నేను ఫోన్ వాల్‌పేపర్‌గా పెట్టుకున్నాను. ల్యాబ్‌లో అందరూ నవ్వారు, కానీ మొదటి వారంలోనే పనికొచ్చింది.

“నికు” అంటే మాంసం. అయితే ఏ మాంసం అన్నది ఊరిని బట్టి. ఒసాకా వైపు ఊరికే నికు అంటే గొడ్డుమాంసం అనుకుంటారు. టోక్యో కన్వీనియన్స్ స్టోరులో ఆవిరి పెట్టెలో కనపడే నికుమన్ లోపల ఉండేది పంది. ఒసాకా వాళ్ళు దాన్నే బుటామన్ అని సూటిగా పిలుస్తారు, పుణ్యాత్ములు. ఇంకో విచిత్రం. హ్యామ్, బేకన్ “నికు”లోకి రావనుకునేవాళ్ళు కూడా ఉన్నారు. మా తెనాలివాడు ఒక చోట “నికు నాషి”, అంటే మాంసం వద్దు, అని స్పష్టంగా చెప్పి సలాడ్ తెప్పించుకుంటే పైన బేకన్ తురుము చల్లి ఇచ్చారు. వడ్డించినామె మొహంలో ఏ మోసమూ లేదు. ఆమె దృష్టిలో అది తాలింపు లాంటిది.

ప్యాకెట్ల వెనక వెతకాల్సిన మాటలు కొన్నే. “రాడో” అంటే లార్డ్, పంది కొవ్వు. “పోకు ఎకిసు” అంటే పంది సారం; చిప్సు, కప్పు నూడుల్సు, సూపు పొడుల్లో ఎక్కువ. “జెరాచిన్” అంటే జెలటిన్. జెల్లీలు, మార్ష్‌మాలోలు, కొన్ని పెరుగు కప్పుల్లో కూడా. కూర బిళ్ళలు అమ్ముతారు, మన ఇంటి వాసన గుర్తొచ్చి చెయ్యి దానంతటదే పోతుంది. చాలావాటిలో గొడ్డు కొవ్వూ పంది కొవ్వూ కలిపిన నూనె ఉంటుంది. “షోటోనింగు” మొక్కలదీ కావచ్చు, జంతువులదీ కావచ్చు. “న్యూకజాయి” అంటే ఎమల్సిఫయర్, దానిదీ అదే కథ. పక్కనే బ్రాకెట్లో సోయా నుంచి తీసినది అని రాసి ఉంటే బెంగలేదు. యూరప్ వెళ్ళేవాళ్ళకి ఇదే సమస్య ఇ471 అనే నంబరు రూపంలో ఎదురవుతుంది.

ఇక్కడ ఒక చిక్కు చెప్పాలి. జపాన్ ప్యాకెట్ల మీద అలర్జీ పెట్టె ఉంటుంది. అందులో తప్పనిసరిగా రాయాల్సిన జాబితా ఒకటి: గుడ్డు, పాలు, గోధుమ, రొయ్య, పీత, సోబా, వేరుశనగ వగైరా, 2023లో వాల్‌నట్ కూడా చేర్చారు. పంది, జెలటిన్ ఆ జాబితాలో లేవు. రాస్తే మంచిది అని సిఫార్సు చేసిన రెండో జాబితాలో ఉన్నాయి. కాబట్టి పెట్టెలో పంది కనపడితే కచ్చితంగా ఉందని అర్థం. కనపడకపోతే లేదని అర్థం కాదు. లాజిక్ క్లాసులో చెప్పే ఏకముఖ సూచన ఇదే. ముడిసరుకుల జాబితా మొత్తం చదవాల్సిందే. అవి బరువు తగ్గే క్రమంలో ఉంటాయి. ఒక ఏటవాలు గీత తర్వాత వచ్చేవి సంకలితాలు. మా వేటకి అసలు అడవి ఆ గీత తర్వాతే.

కల్లు, నీరా, సోయా సాస్

పంది సంగతి అవునా కాదా అన్నట్టు తేలిపోతుంది. మద్యం దగ్గరే అసలు ఆలోచన మొదలవుతుంది.

మన ఊళ్ళలో తాటిచెట్టు నుంచి తెల్లవారుజామున దించినది నీరా. చిన్నపిల్లలకీ పట్టొచ్చు. ఎండెక్కేసరికి గాలిలోని ఈస్టు పని చేసి అదే కుండలో కల్లు తయారవుతుంది. ఇంకొన్నాళ్ళు వదిలేస్తే బ్యాక్టీరియా ఆ ఆల్కహాల్‌ని ఎసిటిక్ ఆమ్లంగా మార్చి పుల్లటి వెనిగర్ చేస్తుంది. ద్రవం ఒకటే, కుండ ఒకటే, కాలం మారింది. షరియా ప్రకారం నీరా హలాల్, కల్లు హరామ్, తనంతట తాను వెనిగర్‌గా మారాక మళ్ళీ హలాల్. అంటే తీర్పు పుట్టుకని బట్టి లేదు, ఇప్పుడు ఆ పదార్థం ఏమిటన్న దాన్ని బట్టి ఉంది. సుషీ అన్నంలో కలిపే బియ్యపు వెనిగర్ ఇక్కడ దాటిపోతుంది. అందులో మిరిన్ కలిపారా అన్నది మళ్ళీ వేరే ప్రశ్న.

ఇప్పుడు సోయా సాస్, వాళ్ళ షోయు. సోయా గింజలు, గోధుమ, ఉప్పు, కోజి అనే బూజు. కోజి ఎంజైములు పిండిని చక్కెరలుగా, ప్రొటీన్లని అమైనో ఆమ్లాలుగా విరగ్గొడతాయి. ఉప్పునీళ్ళలో నెలల తరబడి ఊరేటప్పుడు ఈస్టు కొంత చక్కెరని ఆల్కహాల్ చేస్తుంది. అందుకే సహజంగా పులియబెట్టిన షోయులో సుమారు 2 నుంచి 3 శాతం ఆల్కహాల్ ఉంటుంది. దాన్ని తాగి మత్తెక్కిన వాడెవడూ లేడు. అంత ఉప్పు తాగితే ముందు ఆసుపత్రికే పోతాడు. మద్యంగా తయారు చేయలేదు, మత్తెక్కించదు కాబట్టి సరే అనే పండితులున్నారు. వద్దనేవాళ్ళూ ఉన్నారు. ఇంకో మెలిక ఏమిటంటే, నిలవ ఉండటానికి కొన్ని షోయుల్లో, కొన్ని మిసోల్లో విడిగా ఆల్కహాల్ కలుపుతారు. ప్యాకెట్ మీద దాన్ని “షుసెయి” అని రాస్తారు.

నేను బయల్దేరే ముందే మా వీధి మసీదు ఇమాం గారిని అడిగాను. ఆయన చాలాసేపు ఆ తయారీ పద్ధతంతా చెప్పించుకున్నారు. సహజంగా పులిసిన దాంట్లో పుట్టినదానికి సరే అన్నారు, బయటి నుంచి పోసినదానికి వద్దన్నారు. నేను దాన్నే పట్టుకున్నాను. మీ ఇంట్లో మాట వేరుగా ఉండొచ్చు. నా సలహా ఒక్కటే: ఈ ప్రశ్న నంద్యాలలో, నిదానంగా, కడుపు నిండి ఉండగా తేల్చుకోండి. రాత్రి తొమ్మిదింటికి ఆకలితో షాపులో నిలబడి ఫత్వా వెతుక్కోవద్దు. ఆకలి చెడ్డ ముఫ్తీ.

మిరిన్ దగ్గర ఇంత తర్జనభర్జన లేదు. అసలు మిరిన్‌లో సుమారు 14 శాతం ఆల్కహాల్ ఉంటుంది. కూరల్లో, చేపల పూతలో, నూడుల్సు ముంచుకునే పులుసులో, ఎక్కడ తియ్యటి మెరుపు కనపడినా దాన్ని అనుమానించండి. “మిరిన్ ఫు” అని రాసినది మిరిన్ లాంటి చక్కెర పాకం. ఆల్కహాల్ 1 శాతం లోపు. మంట మీద పెడితే ఆల్కహాల్ ఎగిరిపోతుంది కదా అని ల్యాబ్‌లో చాలామంది నాతో వాదించారు. ఇథనాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది నిజమే. కానీ నీళ్ళతో కలిసిన ఇథనాల్ విడిగా లేచి పోదు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం, మద్యం కలిపి పావుగంట ఉడికించిన వంటలో 40 శాతం దాకా మిగులుతుంది, రెండున్నర గంటలు ఉడికించినా 5 శాతం. థర్మోడైనమిక్స్ పక్కన పెట్టినా, పోసేటప్పుడు అది మద్యమే కాబట్టి ఎగిరిపోయిందన్న లెక్క చెల్లదని చాలామంది పండితుల మాట.

ఒక సరదా ప్రమాదం కూడా ఉంది. మద్యం పేరు సాకె. సాల్మన్ చేప పేరూ సాకె. దాన్నే షాకె అని కూడా పలుకుతారు. అన్నం ముద్దలున్న అరలో “సాకె” అని చదివి వెనక్కి పెట్టేసే ముస్లిం కుర్రాళ్ళు ఎంతమందో! రాసేటప్పుడు అక్షరాలు వేరు. మద్యానికి ఎడమవైపు మూడు నీటి చుక్కలు, కుడివైపు జాడీ బొమ్మ. ఆ మూడు చుక్కలు లేకుండా చేప గుర్తు ఉంటే నిర్భయంగా తీసుకోండి. లోపలి మసాలా మాత్రం చదవండి.

సముద్రం ఎంతవరకు?

దీన్ని త్వరగా ముగిస్తాను. మన వైపు ముస్లింలలో ఎక్కువమంది హనఫీలు. హనఫీ మజ్‌హబ్‌లో నీటి జీవుల్లో చేప మాత్రమే సరే. రొయ్య చేపా కాదా అని పాత చర్చ ఒకటుంది, మన కోస్తాలో ఆ చర్చని పులావులో వేసి ముగించేశారు. ఆక్టోపస్, పీత, స్క్విడ్ మాకు లేవు. షాఫయీలకి దాదాపు సముద్రమంతా సరే. కేరళ వాళ్ళు, హైదరాబాదు బార్కస్‌లోని హద్రమీ కుటుంబాల వాళ్ళు ఆ దారి. మా ల్యాబ్‌లో ఇండోనేషియా సీనియర్ ఒకాయన ఆక్టోపస్ ఉండలు, తకోయాకి, లొట్టలేసుకుంటూ తినేవాడు. నేను పక్కన కూర్చుని టీ తాగేవాణ్ణి. ఇద్దరం ఒకే వరసలో నమాజు చేసేవాళ్ళం.

ఇంతకీ ఏం తిన్నానంటే

ఉప్పు రాసి నిప్పుల మీద కాల్చిన చేప, షియోయాకి. దీని మీద ఉండేది ఉప్పే. పక్కన అన్నం, ముల్లంగి తురుము. మధ్యాహ్న భోజనానికి ఇంతకంటే మంచిది లేదు. నంద్యాలవాణ్ణి, చేపకి కారం లేకపోతే ఎలా అనుకున్నాను గానీ, వారంలో అలవాటైపోయింది. తెనాలివాడు ఇచ్చిన కందిపొడి కూడా సాయం చేసింది.

కన్వీనియన్స్ స్టోరు అన్నం ముద్ద, ఒనిగిరి. ఉప్పుది, ఉమె అనే పుల్లటి పండుది, కొంబుది, సాల్మన్‌ది. పుల్లటిది మన ఉసిరికాయ పచ్చడికి దూరపు చుట్టం. చలికాలమయితే వీధిలో వేడి రాళ్ళ మీద కాల్చే చిలగడదుంప, యాకిఇమో. మేం వేసవిలో ఉన్నా సూపర్‌మార్కెట్ గుమ్మం దగ్గర వేడి పెట్టెలో దొరికింది. చల్లటి తోఫు మీద అల్లం. ఉడికించిన పచ్చి సోయా కాయలు, ఎదమామె. మన ఉడకబెట్టిన పల్లికాయలే.

తీపి విషయంలో మాత్రం సంప్రదాయమే మా పక్షాన నిలిచింది. కొత్త తరహా జెల్లీల్లో జెలటిన్. పాత తరహా యోకన్‌లో కాంటెన్, అంటే సముద్రపు నాచు నుంచి తీసిన అగర్. మన బయోటెక్ వాళ్ళు పెట్రీ డిష్‌లో పోసేది ఇదే. ఎర్ర చిక్కుడు ముద్ద, చక్కెర, కాంటెన్, అయిపోయింది. బియ్యపు పిండి ముద్దలో చిక్కుడు పూర్ణం పెట్టిన దైఫుకు అయితే మన పూర్ణం బూరె నూనెలోకి దిగకముందు ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పరదేశంలో తిండికి చిక్కొచ్చినప్పుడు నేను నమ్ముకున్న సూత్రం ఒకటుంది: ఆ దేశపు అమ్మమ్మల వంట దగ్గరికి వెళ్ళండి, ఫ్యాక్టరీ వంటకి దూరం జరగండి. అమ్మమ్మ వంటలో ఐదు వస్తువులుంటాయి, అడిగితే ఐదూ చెబుతుంది. ఫ్యాక్టరీ వంటలో ముప్ఫై ఉంటాయి.

బల్ల దగ్గర కూర్చోవడం

తిండి దొరకడం సగం సమస్య. మిగతా సగం, నలుగురితో కూర్చుని తినడం. జపాన్ ల్యాబుల్లో కొత్తవాళ్ళకి స్వాగత విందు ఉంటుంది. అది సాధారణంగా మద్యం పోసే చోటే. వెళ్ళకపోతే పది వారాలూ అంటీముట్టనట్టు ఉండిపోతాం. నేను ముందురోజే ప్రొఫెసర్ గారికి చిన్న మెయిల్ రాశాను: “పంది, మద్యం, హలాల్ కాని మాంసం తినను. చేప, గుడ్డు, కూరగాయలు, అన్నం తింటాను. మీతో కూర్చోవడం నాకు సంతోషం.” తిననివాటి కంటే తినేవాటి జాబితా పొడుగ్గా ఉండేలా చూడండి. చదివేవాళ్ళకి ఊపిరి ఆడుతుంది. ఆయన చేపలు కాల్చే చోటు చూశారు. వంటాయన నా చేపని రేకు మీద విడిగా కాల్చారు. అందరూ గ్లాసులెత్తి “కాంపాయి” అన్నప్పుడు నా గ్లాసులో ఊలాంగ్ టీ. మద్యం తాగని జపాన్ వాళ్ళు కూడా అదే తాగుతారు కాబట్టి ఎవరూ తలతిప్పి చూడలేదు. మద్యం పోసే బల్ల దగ్గర అసలు కూర్చోకూడదనే ముస్లింలున్నారు, వాళ్ళ మాటకీ ఆధారం ఉంది. వాళ్ళు “మధ్యాహ్నం భోజనానికి కలుద్దాం” అని అడగొచ్చు. ఎవరూ కాదనరు.

కష్టమైనది ఏడో వారంలో వచ్చింది. ల్యాబ్ మిత్రురాలొకరు ఇంటికి పిలిచింది. వాళ్ళమ్మగారు నా కోసం గంట ప్రయాణం చేసి హలాల్ కోడి కొనుక్కొచ్చారు. ప్యాకెట్ కవరు కూడా దాచిపెట్టి చూపించారు. బంగాళాదుంపలతో కలిపి ఉడికించారు. మూత తీయగానే ఆ తియ్యటి మెరుపు. మెల్లిగా అడిగాను, “మిరిన్ వేశారాండీ?” వేశారు. సాకె కూడా రెండు చెంచాలు. అవి లేకుండా ఆ కూర ఉంటుందని ఆవిడకి తోచలేదు, ఉప్పు లేకుండా పప్పు ఉంటుందని మనకి తోచనట్టే.

ఆ క్షణంలో ఏం చెయ్యాలో పుస్తకంలో దొరకదు. ఒకవైపు ఆవిడ గంట ప్రయాణం. మరోవైపు నేను చిన్నప్పటి నుంచి నమ్మినది. తినేసి తర్వాత తౌబా చేసుకోవచ్చు కదా అన్నాడు తర్వాత ఒక స్నేహితుడు. నాకది ఆవిడని చిన్నపిల్లని చేసి ఆడించినట్టు అనిపించింది. కవరు దాచి చూపించిన మనిషికి నిజం వినే హక్కుంది. చెప్పాను: కోడి కోసం ఎంతో కష్టపడ్డారు, తప్పు మీది కాదు, మద్యం అంటే వంటలో వేసినది కూడా అని మేం అనుకుంటాం. గదిలో కాసేపు మాటల్లేవు. నేను అన్నం, కాల్చిన చేప, దోసకాయ తిన్నాను. ఆవిడ కోడి కూర గిన్నె బల్ల మీది నుంచి తీస్తూ, మిరిన్ బదులు చక్కెర, సాకె బదులు నీళ్ళు పోస్తే ఏమవుతుంది అని కూతుర్ని అడిగారు. ఇద్దరూ చాలాసేపు వంటశాస్త్రం మాట్లాడుకున్నారు. తొమ్మిదో వారంలో మిత్రురాలు ల్యాబ్‌కి ఒక డబ్బా తెచ్చింది. మూత మీద అంటించిన కాగితంలో కోడి, బంగాళాదుంప, ఉల్లి, చక్కెర, షోయు, ఉప్పు అని వరసగా రాసి, చివర “ఇంతే” అని ఉంది. షోయు సీసా వెనక ఉండే జాబితా ఫోటో తీసి పంపారు కూడా. షుసెయి లేదు.

అడగటానికి పనికొచ్చే మాటలు రెండు మూడు. “బుటానికు హైత్తె ఇమాసు కా?” అంటే పంది మాంసం పడిందా అని. “ఒసాకె హైత్తె ఇమాసు కా?” అంటే మద్యం పడిందా. “దాషి వా నాన్ దెసు కా?” అంటే పులుసు దేనితో కాచారు అని. ఇవే ఒక చిన్న కార్డు మీద జపనీస్‌లో రాయించి ఉంచుకోండి. ల్యాబ్ వాళ్ళు రెండు నిమిషాల్లో రాసిస్తారు. ఫోన్ కెమెరా అనువాదం మాటలు వెతకడానికి బాగుంటుంది, తీర్పు చెప్పడానికి కాదు.

మాంసం కావాలనిపిస్తే

టోక్యోలో షిన్ ఒకుబో స్టేషన్ దగ్గర హలాల్ దుకాణాల సందు ఉంది. బాస్మతి, కందిపప్పు, గడ్డకట్టించిన మాంసం, అన్నీ. తెనాలివాడు చింతపండు చూసి దాదాపు ఏడ్చాడు. గ్యోము సూపర్ అనే చవక దుకాణాల్లో బ్రెజిల్ నుంచి వచ్చే హలాల్ ముద్ర కోడి దొరుకుతుంది. యొయొగి ఉయెహరా స్టేషన్ పక్కన టోక్యో జామీ మసీదు: కజాన్ వైపు నుంచి వచ్చిన తాతార్లు 1938లో కట్టుకున్నది, పాతబడి పడగొట్టాక తుర్కియే సాయంతో 2000లో మళ్ళీ లేచింది. అందులోనే చిన్న హలాల్ అంగడి ఉంది. కోబె వెళ్తే జపాన్‌లోని మొదటి మసీదు చూడండి. 1935లో తెరిచారు, కట్టించడానికి డబ్బిచ్చిన వాళ్ళలో అక్కడి భారతీయ వ్యాపారులున్నారు. 1945 బాంబు దాడులకీ, 1995 భూకంపానికీ నిలబడింది. సివిల్ వాళ్ళకి ప్రత్యేక ఆహ్వానం. ఏ ఊళ్ళోనైనా శుక్రవారం నమాజు తర్వాత బయట నిలబడి పక్కవాణ్ణి “ఎక్కడ తింటారు?” అని అడగండి. ఏ యాప్ కన్నా అదే మేలు.

వేరే దేశాలకి ఇదే పాఠం కొద్ది మార్పులతో. సింగపూర్‌లో హలాల్ ముద్ర ఇచ్చేది ముయిస్, మలేషియాలో జాకిమ్. ముద్ర చూస్తే చాలు. సింగపూర్ హాకర్ సెంటర్లలో ఎంగిలి పళ్ళేలు పెట్టే చోటు కూడా హలాల్‌కి వేరే ఉంటుంది. కానీ “నో పోర్క్, నో లార్డ్” అన్న బోర్డు హలాల్ ముద్ర కాదు. ఆ కోడిని ఎలా కోశారో అది చెప్పదు. బ్యాంకాక్‌లో ఖావ్ మొక్ కాయి అడగండి: పసుపు అన్నంలో కోడి, మన బిర్యానీకి తమ్ముడు, ముస్లిం వంటవాళ్ళ చేతిలో పుట్టినది. చైనాలో “చింగ్‌జెన్” అన్న మాట గుర్తుంచుకోండి. హుయీ ముస్లింల హోటళ్ళ మీద ఉంటుంది, లాన్‌జోవ్ గొడ్డుమాంసం నూడుల్సు వాళ్ళవే. అక్కడ హలాల్ తిండి కోసం లోకల్ తిండిని వదులుకోనక్కర్లేదు, ఆ హలాల్ తిండే లోకల్.

బయల్దేరే ముందు

విమానంలో ముస్లిం భోజనానికి కోడ్ ఎం.ఓ.ఎం.ఎల్., మన శాకాహారానికి ఏ.వి.ఎం.ఎల్. టికెట్ కొన్నాక కనీసం రెండు రోజుల ముందు పెట్టుకోవాలి. రెండు విమానాలు మారేట్టయితే రెండిటికీ పడిందో లేదో చూడండి.

ఇంకొకటి, ఇది ఇంట్లో వాళ్ళకి నచ్చని మాట. జపాన్‌లోకి మాంసంతో చేసినదేదీ సంచిలో తీసుకెళ్ళకూడదు. మటన్ పచ్చడి, చికెన్ పచ్చడి, ఖీమా పొడి, సీలు వేసినా సరే, అక్కడి పశు రోగాల చట్టం ఒప్పుకోదు. జరిమానా, జైలు కూడా ఉన్నాయి. అమ్మీ గోంగూర మటన్ డబ్బా పెట్టెలో మూడుసార్లు పెట్టింది, నేను మూడుసార్లు తీశాను. శంషాబాద్‌లో అది అన్నయ్య చేతికిచ్చాను. నిమ్మకాయ ఊరగాయ, కందిపొడి, వెల్లుల్లి కారం మాత్రం వచ్చాయి. కారం డబ్బా ఇప్పటికీ ఆ ల్యాబ్ టీ గదిలోనే ఉందట. షియోయాకి మీద చల్లుకుంటున్నారని మొన్న ఫోటో పంపారు.